తుఫాను హెచ్చరిక గడపకేనా? కళ్లానికి లేదా?



బంగాళాఖాతంలో వాయుగుండం పడిందన్న కబురు చెవిన పడగానే మన ఊళ్లకు పైనుంచి సూచనలు దిగుతాయి. కొవ్వొత్తులు, టార్చిలైటు దగ్గర పెట్టుకోండి. ఫోన్లు చార్జింగు పెట్టుకోండి. మంచినీళ్లు పట్టి ఉంచుకోండి. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో వేసుకోండి. ఇంట్లోంచి బయటికి రావద్దు. మైకు బండి వీధి వీధీ తిరిగి చెబుతుంది. సెల్‌ఫోన్‌కు మెసేజీ వస్తుంది. ఇవన్నీ మంచి మాటలే. పాటించాల్సినవే.

అదే సమయంలో అరుగుల మీద మనం మాట్లాడుకునేవి వేరు. కోత మిషను ఎవరి చేలో ఉంది? బరకాలు ఎక్కడ దొరుకుతాయి? కోసిన చేను పనల మీదుంది, కూలీలు వస్తారా? ఒబ్బిడి చేసిన ధాన్యానికి సంచులు ఇస్తారా? చేను పక్క డ్రెయిన్ లాగుతుందా, లేదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే మైకు బండి ఇంతవరకూ ఏ ఊరికీ రాలేదు. మన తగువంతా ఇక్కడే.

ప్రాణాలు దక్కాయి, కాదనం

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడితే పదివేల మందికి పైగా చనిపోయారు. 1990 మేలో మచిలీపట్నం వైపు వచ్చిన తుఫాను వందల ప్రాణాలు తీసింది. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫానులో మనుషులూ పోయారు, కొబ్బరి తోటలూ నేలకొరిగాయి. ఆ తోటలు మళ్లీ కాపుకు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో కోనసీమ రైతును అడగాలి.

ఇప్పుడు అదే తీరానికి తుఫాను వస్తే పోయే ప్రాణాల లెక్క పదుల్లోకి, ఒక్కోసారి అంతకన్నా తక్కువకు దిగింది. ఇది ఊరికే జరగలేదు. వాతావరణ శాఖ 72 గంటల ముందు ఒకటి, 48 గంటల ముందు ఒకటి, 24 గంటల ముందు ఒకటి, తీరం దాటే ముందు ఇంకొకటి చొప్పున మెట్టు మెట్టుగా హెచ్చరిస్తున్నది. తీరం వెంట తుఫాను రక్షిత భవనాలు కట్టారు. లోతట్టు జనాన్ని ముందే తరలిస్తున్నారు. ఎవరు ఎప్పుడు ఏం చేయాలో కాగితం మీద రాసుకుని, దాని ప్రకారం నడిచారు కాబట్టి మనుషులు బతికారు.

మేము అడుగుతున్నదీ అదే. మనిషిని కాపాడటానికి ఇంత ఏర్పాటు చేయగలిగినవాళ్లు ఆ మనిషి ఏడాది తిండిని కాపాడటానికి ఎందుకు చేయలేరు? ప్రాణం దక్కించుకుని షెల్టరు నుంచి తిరిగొచ్చిన రైతుకు మొలకెత్తిన ధాన్యం, తీరని అప్పు ఎదురైతే ఆ ప్రాణానికి భరోసా ఏమిటి?

రైతు ఇల్లు గడపతో ఆగదు

సర్కారు సూచనల్లో ఇల్లంటే నాలుగు గోడలు, ఒక కప్పు. మన ఇల్లు అంతకన్నా పెద్దది. పశువుల పాక మన ఇల్లే. గడ్డివామి మన ఇల్లే. కుప్ప, కళ్లం, ఊరవతల ఎకరం చేను కూడా మన ఇల్లే. బయటికి రావద్దు అని చెప్పినవాళ్లకు రైతు ఆ రాత్రి ఎందుకు బయటికి వస్తాడో తెలియకపోతే ఎట్లా? బరకం అంచు లేచిపోతుంటే వస్తాడు. పాకలో గేదె అరుస్తుంటే వస్తాడు. చేనుగట్టు తెంపి నీళ్లు వదలడానికి వస్తాడు. మొండితనం అనుకుంటే పొరపాటు. అతని ఆస్తి మొత్తం బయటే ఉంది మరి.

షెల్టరు సంగతే చూడండి. మనుషులకు చోటుంది. పాడి గేదెకు లేదు. అందుకే ఆడవాళ్లనూ పిల్లలనూ పంపించి మగవాళ్లు పశువుల దగ్గర ఉండిపోతారు. రెండు గేదెల పాల మీద బతికే ఇల్లు వాటిని వదిలేసి రమ్మంటే రాదు. పశువులకు ఎత్తైన దిబ్బ, నాలుగు రేకుల షెడ్డు, రెండు రోజుల మేత ఏర్పాటు చేయండి. అప్పుడు మనిషి తనంతట తానే కదులుతాడు.

పంట విషయంలో తుఫానులన్నీ ఒకటి కావు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పటికి డెల్టాలో వరి కోతల్లో ఉంది. కొంత పనల మీద, కొంత కుప్పల్లో, కొంత రాశుల్లో ఉంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పుడు చాలా చేలు ఈనిక మీద, పాలు పోసుకునే దశలో ఉన్నాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం మీదికి వచ్చి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను పెకలించింది. పనల మీదున్న చేనుకు కావలసింది కూలీలు, బరకాలు. ఈనిక మీదున్న చేనుకు కావలసింది మురుగు పోయే దారి. కొబ్బరికి కావలసింది చెట్టు పోయాక మళ్లీ కాపు వచ్చేదాకా పెట్టుబడి. మూడింటికీ కలిపి ‘రైతులు అప్రమత్తంగా ఉండాలి’ అని ఒకే మాట చెప్పడం హెచ్చరిక అనిపించుకోదు. రేపు నష్టం జరిగితే ‘మేము ముందే చెప్పాం’ అనడానికి రాసి పెట్టుకున్న మాట అది.

‘వెంటనే కోసుకోండి’ – దేనితో?

ముదిరిన చేను వెంటనే కోసి ధాన్యాన్ని సురక్షిత ప్రాంతానికి తరలించుకోండి అని సలహా వస్తుంది. ఒక్కొక్క మాటా పట్టి చూద్దాం.

కోయాలంటే మిషను కావాలి. ఊరంతా ఒకేసారి కోయాలంటే ఉన్న మిషన్లు చాలవు. ఆ రెండు రోజులూ గంట రేటు మిషను యజమాని నోటికి ఎంతొస్తే అంత. చేలో తడి ఉంటే చక్రాల మిషను దిగదు, చైను మిషను కావాలి, దాని రేటు ఇంకా ఎక్కువ.

కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది. కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదని నిబంధన. మబ్బు పట్టి, తూర్పు గాలి వీస్తున్న రోజుల్లో ధాన్యం ఏ ఎండకు ఆరుతుంది? తుఫాను వస్తున్నది, కోసెయ్ అనేదీ సర్కారే. కోసి తెస్తే, తేమ ఉంది, తీసుకుపో అనేదీ సర్కారే. ఈ రెండు మాటల మధ్య రోడ్డు పక్కన రాశి పోసుకుని కూర్చున్న రైతు దగ్గరికి దళారీ వస్తాడు. బస్తాకు ఇంత తగ్గిస్తే ఇప్పుడే ఎత్తుతానంటాడు. వాన మొదలవుతుంటే రైతు బేరం ఆడగలడా?

సురక్షిత ప్రాంతం అన్నారు. అది ఎక్కడుంది? చిన్న రైతుకు గోడౌను లేదు. మిల్లుకు తోలదామంటే లారీ లేదు, సంచులు లేవు. ఇక మిగిలింది బరకం. ఉన్న ఊళ్లో ఉన్న బరకాలు ఎకరాల లెక్కన చూస్తే ఏ మూలకూ చాలవు. తుఫాను వస్తున్నదంటే అద్దె రేటు గాలి కన్నా ముందు లేస్తుంది.

మిషను, ఆరబోత, సంచి, లారీ, బరకం. ఈ ఐదూ లేకుండా ‘కోసుకోండి’ అనడం ఈత రానివాణ్ని నడి ఏట్లోకి తోసి ఒడ్డుకు రమ్మనడమే.

వాన దేవుడి పని, నీరు నిలవడం ఎవరి పని?

తుఫాను గాలి ఒక రాత్రితో పోతుంది. డెల్టా రైతును ముంచేది ఆ తర్వాత చేలో నిలిచే నీరు. ఒకటి రెండు రోజుల్లో నీరు లాగేస్తే పడిపోయిన చేనులో కూడా సగమో పాతికో దక్కుతుంది. నిలిచిపోయిందా, వెన్ను మీదే మొలక వస్తుంది, దుబ్బు కుళ్లుతుంది.

నీరు ఎందుకు నిలుస్తున్నదో మన ఊళ్లలో పసివాణ్ని అడిగినా చెబుతాడు. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, తూడు. అడుగున మోకాలి లోతు పూడిక. గట్లు ఆక్రమించి చేపల చెరువులు, రొయ్యల చెరువులు. సముద్రం దగ్గర డ్రెయిన్ నోరు ఇసుక మేటతో మూసుకుపోయి ఉంటుంది. పోటు సమయంలో సముద్రం ఎదురు తన్నితే చేలోంచి పోవలసిన నీరు వెనక్కి చేలోకే వస్తుంది.

ఇది కొత్త సమస్యేమీ కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల ముంపు మీద మిత్రా కమిటీ 1960లలోనే డ్రెయిన్లు బాగుచేయాలని చెప్పింది. ఆ పనుల కోసం అంటూ 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చారు. మన తాతలు, తండ్రులు తమ భూమి మీద ఆ సెస్సు కట్టారు. అంటే మురుగు పోయే దారి మనం దేబిరించే దానం కాదు. సొమ్ము కట్టి కొనుక్కున్న హక్కు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో గిట్టని ధరతో పాటు ఈ మురుగు గోడు కూడా ఉంది. దేశమంతా తిరిగి చూసింది. కమిటీ వేశారు. నివేదిక వచ్చింది. డ్రెయిన్లో గుర్రపుడెక్క మాత్రం కదల్లేదు.

పూడిక తీయవలసింది కాలువలు కట్టేసిన వేసవిలో. ఏప్రిల్, మే నెలల్లో చేయవలసిన పనికి కాగితాలు కదిలేసరికి జూన్ వస్తుంది. కాలువకు నీళ్లు వచ్చాక గట్టు మీద నాలుగు పారలు గీరి బిల్లు చేస్తారు. అక్టోబరులో తుఫాను వచ్చి చేను మునిగితే అది ప్రకృతి వైపరీత్యం అంటారు. వాన ప్రకృతే, ఒప్పుకుంటాం. మే నెలలో తీయని పూడిక ప్రకృతి ఎట్లా అవుతుంది?

ఇంకొక సంగతి. జూన్ మొదటి వారంలో కాలువకు నీరు వదిలితే నాట్లు ముందు పడతాయి, కోతలు ముందు వస్తాయి, నవంబరు తుఫానుల నాటికి చాలా ధాన్యం ఇంటికి చేరుతుంది. 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1నే నీరు వదిలారు. అంటే చేయవచ్చు. చేసింది ప్రతి ఏడూ చేయాలి. తుఫానుకు మొదటి సన్నాహం జూన్ నెలలో కాలువ తలుపు దగ్గర మొదలవుతుంది.

లెక్కలో లేని రైతు

తుఫాను వెళ్లాక లెక్కలవాళ్లు వస్తారు. 33 శాతం, ఆపైన నష్టమైతేనే సాయం. 2022–26 కాలానికి పెట్టిన విపత్తు సహాయ నిధి నిబంధన ప్రకారం నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అదీ 2 హెక్టార్ల వరకే. ఎకరానికి లెక్కేస్తే 6,900 లోపే. 2025–26లో సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా సుమారు 1,777. ఎకరం పోయినవాడికి వచ్చేది నాలుగు బస్తాల ధర కూడా కాదు. డెల్టాలో కౌలే అంతకు రెండు మూడింతలు ఉంటుంది. రాష్ట్రం పైన కొంత కలిపినా పెట్టుబడికి చాలదు.

ఆ కాస్తా ఎవరి ఖాతాలో పడుతుంది? చేను చేసింది కౌలు రైతు. విత్తనం, ఎరువు, కోత ఖర్చు, అప్పు, అన్నీ అతనివే. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం రావాలంటే భూ యజమాని సంతకం కావాలి. సంతకం పెట్టడానికి చాలామంది యజమానులు జంకుతారు. పత్రం లేకపోతే పంట నమోదులో పేరు రాదు. పేరు లేకపోతే నష్టం జాబితాలో ఉండడు. తుఫాను మాత్రం పత్రం అడక్కుండానే అతని చేను ముంచింది. చేలో ఎవరు ఉన్నారో ఊరందరికీ తెలుసు. ఊరు చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోవడానికి ఏం అడ్డం?

ఓడకు ఉన్న భాగ్యం

ఓడరేవులో తుఫానుకు ప్రమాద సూచికలు ఎగరేస్తారు. 1 నుంచి 11 దాకా నంబర్లున్నాయి. ఏ నంబరు ఎగిరితే ఓడ ఏం చేయాలో, రేవు అధికారి ఏం చేయాలో ముందే రాసి ఉంటుంది. ఎవరూ ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. ఓడకు పదకొండు నంబర్లున్నాయి. కళ్లానికి ఒక్కటీ లేదు.

దీనికి పైవాళ్లు చెప్పే జవాబు మనకు తెలుసు. తుఫాను ఎటు పోతుందో చివరిదాకా తెలియదు, అన్ని ఊళ్లకూ ఏర్పాట్లు చేసి అది రాకపోతే ఖర్చు వృథా అంటారు. ఖర్చు అవుతుంది, నిజమే. షెల్టరు కూడా ఏడాదిలో చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. దాన్ని వృథా అని ఎవరైనా అంటున్నారా? ఈ ఏడు వాడని బరకం పైయేటికి పనికొస్తుంది. తీసిన పూడిక మామూలు వానకు కూడా ఉపయోగమే.

మన వంతు పని

అడగవలసింది అడుగుతూనే, మన చేతిలో ఉన్నది మనం చేసుకోవాలి. ప్రతి ఊళ్లో సంఘ సభ్యులు ఈ కింది వాటిని అందరికీ చెప్పాలి.

ఇంటి దగ్గర: పట్టాదారు పుస్తకం, సాగుదారు పత్రం, పంట నమోదు రసీదు, బ్యాంకు పుస్తకం, బీమా రసీదు ఒక కవర్లో కట్టి పెట్టుకోండి. వాటిని ఫోన్లో ఫొటో తీసి వేరే ఊళ్లో ఉన్న బిడ్డలకో బంధువులకో పంపండి. విత్తనపు ధాన్యం అటక మీదికి ఎక్కించండి. ఎరువులు, పురుగుమందులు నీరు తగలని ఎత్తులో, తిండి గింజలకు దూరంగా పెట్టండి. రేకులు, తాటాకు కప్పు తాళ్లతో బిగించండి. ఇంటి మీదికి వంగిన కొమ్మలు కొట్టెయ్యండి. కొబ్బరి చెట్ల మీద ముదిరిన కాయలు, ఎండు మట్టలు దింపించండి. గాలికి అవి గుండుదెబ్బలా తగులుతాయి.

పశువులకు: పాక కప్పు బలంగా లేకపోతే ముందే ఎత్తు ప్రదేశానికి తోలండి. నీరు వచ్చే చోట గుంజకు కట్టి వదలొద్దు, పలుపు విప్పెయ్యండి. రెండు రోజుల మేత తడవకుండా ఉంచండి.

చేలో: కోయని చేనుకు మురుగు బోదెలు ముందే చెక్కి, గట్లకు గండ్లు పెట్టండి. పాలు పోసుకునే దశలో ఉన్న చేను కోయవద్దు, నీరు పోయే దారి చూడండి. పనల మీదున్నది కుప్ప వేసి బరకం కప్పండి. బరకం అంచులు ఇసుక సంచులతో అదమండి. పడిపోయి తడిసిన వెన్నులు మొలకెత్తకుండా, నీరు తీసేశాక లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి వెన్నులు తడిసేలా పిచికారీ చేయండి. మోటారు ఫ్యూజులు తీసెయ్యండి.

గాలి రోజు: వృద్ధులు, బాలింతలు, గర్భిణులు, పసిపిల్లలు చీకటి పడకముందే షెల్టరు చేరాలి. గాలి ఒక్కసారిగా ఆగిందని చేలోకి పరుగెత్తవద్దు. తుఫాను కన్ను దాటుతున్నప్పుడు అలా ఆగి, ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుంది. తెగిన కరెంటు తీగ జోలికి పోవద్దు. చేను కన్నా మనిషి ముందు.

రుజువులకు: తుఫానుకు ముందు చేను ఫొటోలు తీయండి, తర్వాత అదే చోట నిలబడి మళ్లీ తీయండి. తేదీ కనబడాలి. బీమా కట్టినవాళ్లు నష్టాన్ని 72 గంటల్లోపు తెలియజేయాలి. కోసి చేలో ఆరబెట్టిన పంటకు కూడా కోసిన 14 రోజుల దాకా పథకంలో రక్షణ ఉంది. మీ పంటకు, మీ మండలానికి అది వర్తిస్తుందో లేదో ఇప్పుడే అడిగి తెలుసుకోండి.

ఊళ్లో: పది ఇళ్లకు ఒక జట్టు కట్టండి. ఎవరి దగ్గర ఎన్ని బరకాలు, ఎన్ని ఆయిల్ ఇంజన్లు ఉన్నాయో రాసుకోండి. మగదిక్కు లేని ఇంటి కళ్లం ముందు కప్పి ఆ తర్వాత మన కళ్లం దగ్గరికి పోదాం.

మేము అడుగుతున్నవి

ఒకటి: 72 గంటల హెచ్చరిక వెలువడిన ఆ గంట నుంచే ఆ జిల్లాల్లో 17 శాతం తేమ నిబంధన దానంతట అదే సడలాలి. పచ్చి ధాన్యాన్ని డ్రయర్లున్న మిల్లులకు తోలే లారీలు, సంచులు సర్కారే పెట్టాలి.

రెండు: ప్రతి రైతు సేవా కేంద్రంలో సెప్టెంబరు నెలాఖరుకు ఆ ఊరి సాగుకు తగినన్ని బరకాలు నిల్వ ఉండాలి. హెచ్చరిక రోజుల్లో కోత మిషను గంట రేటు కలెక్టరు ప్రకటించాలి.

మూడు: డ్రెయిన్ల పూడికతీత మే నెలాఖరుకు పూర్తి కావాలి. ఏ డ్రెయిన్లో ఎంత పని చేశారో, ఎంత బిల్లు ఇచ్చారో ఊరి సచివాలయం గోడ మీద రాయాలి. గుర్రపుడెక్క అక్టోబరులో మరోసారి తీయాలి.

నాలుగు: నష్టం జాబితాను గ్రామసభలో చదివి, చేను చేసినవాడి పేరే రాయాలి. యజమాని సంతకం లేదన్న సాకుతో ఏ కౌలు రైతునూ తీసివేయకూడదు.

ఐదు: ప్రతి షెల్టరు పక్కన పశువులకు దిబ్బ, షెడ్డు కట్టాలి.

ఈ ఐదు డిమాండ్లతో ప్రతి గ్రామ శాఖ ఈ నెలలోనే తీర్మానం చేసి మండల కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. దానికి ముందు రోజు అందరూ కలిసి తమ ఊరి డ్రెయిన్ గట్టు వెంట నడిచి, ఎక్కడ పూడింది, ఎక్కడ ఆక్రమించారు, ఎక్కడ తూము పగిలింది అన్నది రాసి ఆ కాగితం తీర్మానానికి జత చేయాలి. తుఫాను వచ్చాక మోకాలి లోతు నీటిలో నిలబడి దండం పెట్టడం కన్నా, రాకముందు పొడి గట్టు మీద నిలబడి నిలదీయడం మేలు.